అయిదో టైరు లేని బండి

“వహీ లగానా హై, యా సాదా?” అని టైర్ల దుకాణం సేఠ్ మళ్లీ అడిగాడు. పాతవాటిలాంటివే వేయాలా, మామూలువి వేయాలా అని. పొద్దుటి నుంచి ఆయన అదే అడుగుతున్నాడు, నేను పొద్దుటి నుంచి నీళ్లు నములుతున్నాను. జగదల్‌పూర్ ఎండలో, రబ్బరు వాసనలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషి నాలుగు టైర్లు ఎంచుకోలేక తల పట్టుకున్నాడంటే నవ్వొస్తుంది కదా. నవ్వండి. మా బావ బండికి టైర్లు ఎంచే గతి మీకు పట్టలేదు కాబట్టి మీరు నవ్వగలరు.

బావ పోయి కొన్ని నెలలైంది. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మర్యాద. నాకింకా అంత ఓపిక రాలేదు. ఆయన తలపుకొస్తే ముందు ఒళ్లు మండుతుంది, కళ్లు తడవడం ఆ తర్వాతే. ఆ టైర్ల ముందు కూర్చున్న పూట రెండూ ఒకేసారి జరుగుతున్నాయి, అందుకే సేఠ్‌కి జవాబు చెప్పలేకపోయాను.

బావ అంటే మా అక్క భర్త. ఆంధ్రా సరిహద్దు ఊరు కొంటాలో కిరాణా దుకాణం. నేను జగదల్‌పూర్‌లో స్టీలు సామాన్లు అమ్ముకుంటాను. ఆయన మనిషి పొట్టి, గొంతు పొడుగు. భుజం మీద తువ్వాలు, చొక్కా జేబు నిండా వేయించిన పల్లీలు. ఏ మాటైనా నచ్చకపోతే ఈగల్ని తోలినట్టు అరచెయ్యి ఒక్కసారి ఊపేవాడు. అంతటితో ఆ మాట అయిపోయినట్టే. ఆ చెయ్యి ఊపు చూసి నేనెన్నిసార్లు పళ్లు నూరుకున్నానో నాకే తెలియదు.

ఆ బండి ఆయన రాయ్‌పూర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర కొన్నాడు. ఏడుగురు కూర్చునే పెద్ద విదేశీ బండి. కొంటా సందులో అది తిరగాలంటే ఎదురింటివాళ్లు మంచాలు ఎత్తుకోవాలి. ఏం చూసి కొన్నావు బావా అంటే ఇంజను అనలేదు, సీట్లు అనలేదు. టైరును కాలితో ఒక తన్ను తన్ని, “గాలి పోయినా ఆగదు బామ్మర్దీ” అన్నాడు.

రన్‌ఫ్లాట్ టైర్లంటారు వాటిని. పక్కగోడలు మందంగా, బిర్రుగా ఉంటాయి. లోపల గాలి మొత్తం పోయినా టైరు కూలబడదు. ఆ గోడల మీదే బండి నెమ్మదిగా ఇంకో ఎనభై కిలోమీటర్లు పోతుందట. ఆ ధైర్యంతోనే బండి చేసినవాళ్లు స్టెప్నీ ఇవ్వలేదు, అది పెట్టుకోవడానికి వెనక గుంటా ఇవ్వలేదు. ఇదంతా వినడానికి బాగానే ఉంటుంది. అందులో కూర్చుని చూడాలి. గాలి నిండా ఉన్నప్పుడు కూడా ఎద్దుబండి ఎక్కినట్టే ఉంటుంది. రోడ్డు మీద గులకరాయి ఉంటే అది ఏ రంగుదో మన వెన్నెముక చెబుతుంది.

కొన్న కొత్తలో ఒక మధ్యాహ్నం సరుకులకని వచ్చి నా దుకాణం ముందు ఆపాడు. బేరంలో ఉన్నాను. “ఎక్కు” అన్నాడు. గిరాకీ ఉంది బావా అంటే చెయ్యి ఊపాడు. ఎక్కాను. బజారంతా ఒక చుట్టు తిప్పాడు. గుంత వచ్చిన ప్రతిచోటా నా తల పైకప్పుకి తగులుతోంది.

“ఏమన్న తెలుస్తుందా?” అన్నాడు పల్లీలు నములుతూ.

“నడుం తెలుస్తోంది.”

“ముందు టైరుల గాలి మొత్తం తీసేసిన. నీకు తెలిసిందా, తెలియలేదా, అది జెప్పు.”

మంచి టైరులో గాలి తీసేసి, బేరంలో ఉన్న మనిషిని లేపుకెళ్లి, బజారు తిప్పి చూపించే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను తిట్టాను. గట్టిగానే తిట్టాను. ఆయన అదంతా మెచ్చుకోలు కింద జమ చేసుకున్నాడు. “నడుం సంగతి తర్వాత. బండి ఆగిందా?” అన్నాడు.

ఆ ఏడు దసరాకి నేను కొంటాలోనే ఉన్నాను. మా ఇళ్లలో బండి పూజ అంటే టైర్లన్నిటికీ పసుపు రాసి బొట్టు పెడతాం. అన్నిటికీ అంటే స్టెప్నీకి కూడా. జీపుల రోజుల్లో మా నాన్న దాని కోసం కొత్త బట్టల్తో బండి కిందికి దూరేవాడు. అయిదోదానికి బొట్టు పడితేగానీ కొబ్బరికాయ కొట్టకూడదు. అక్క పళ్లెం పట్టుకుని బండి చుట్టూ తిరిగింది, నాలుగు చక్రాలకీ పెట్టింది, వెనక తలుపు తీసి నిలబడిపోయింది.

“అయిదోది ఏదయ్యా?”

“లేదు. దీనికి అక్కర లేదు.”

“అయిదోది లేని బండేంది? పూజ ఎట్ల అయితది?”

బావ వచ్చి పళ్లెంలో కుంకుమ వేలితో తీసుకుని తన నుదుటికే ఇంత పెట్టుకున్నాడు. “ఇగో, అయిదోది నేనే. కొట్టు కొబ్బరికాయ” అన్నాడు. అందరం నవ్వాం. అక్క నవ్వలేదు. కాయ మాత్రం కొట్టింది.

ఆయనకి ఆ టైర్లు అంత నచ్చడానికి కారణం వేరే ఏమీ లేదు, అవి ఆయనలాంటివే. దారిలో ఆగడం ఆయనకి చిన్నతనం. కొంటా నుంచి జగదల్‌పూర్‌కి పొద్దున్నే బయల్దేరితే దోర్నపాల్‌లో టీ లేదు, సుక్మాలో టిఫిను లేదు. పల్లీలు స్టీరింగు మీదే వొలుచుకునేవాడు. పోలీసు తనిఖీ నాకాల దగ్గర ఆగక తప్పదు కదా, అక్కడ కూడా గేరు తీసేవాడు కాదు, అద్దం దించి పేరు చెప్పి జవాను తల ఊపేలోపే కదిలేవాడు. ఒంటేలుకి ఆపమంటే మనవైపు జాలిగా చూసేవాడు, మనకేదో పెద్ద జబ్బున్నట్టు.

అక్క అడిగేది. “కాసేపు ఆపితే ఏం కొంప మునుగుద్దయ్యా?”

“ముందు చేరనియ్యి” అనేవాడు.

ఈ రెండు మాటలూ నేను నా నిక్కరు రోజుల నుంచీ వింటున్నాను. ప్రయాణంలోనే కాదు. దుకాణం కప్పు కారుతోందన్నా, అమ్మాయికి సంబంధం చూడాలన్నా, నీకు షుగరుంది పరీక్ష చేయించుకో అన్నా అదే. ముందు చేరనియ్యి. ఎక్కడికి చేరాలో, చేరాక ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు. అడిగితే చెయ్యి ఊపుతాడు.

దారిలో ఆయన తనంతట తాను ఆపడం నేను చూసింది ఒక్కసారే. అదీ నన్ను దింపడానికి. ఇద్దరం కొంటా నుంచి వస్తున్నాం, వెనక సీటు నిండా సరుకు. భేజ్జి వైపు దారి కలిసేచోట రోడ్డు పక్కన మంచం. మంచం మీద ఒకామె, ఒంటి మీద దుప్పటి, పక్కన మొగుడు, మోసుకొచ్చిన ఇద్దరు మనుషులు. వాళ్లు చెయ్యి కూడా ఎత్తలేదు. బావ బ్రేకు వేశాడు. వాళ్ల దోర్లీ భాషలో ఏదో అడిగాడు, వాళ్లేదో చెప్పారు. వెంటనే నా వైపు తిరిగి, “దిగు” అన్నాడు.

“నేనెందుకు దిగాలి? ఏడు సీట్లున్నాయి కదా!”

“ఆమె పండుకోవాల, వీళ్లు పట్టుకోవాల. సరుకు దించుకుంట కూసుంటే పొద్దుపోతది. నువ్వు దిగు, బస్సొస్తది.”

దిగాను. నా చేతిలో అక్క కట్టిచ్చిన ఆవకాయ జాడీ. ఆ ఎండలో, ఆ రోడ్డు మీద, జాడీ చంకనెత్తుకుని ఎంతసేపు నిలబడ్డానో ఆ దేవుడికే తెలియాలి. వచ్చిన బస్సులో కాలు పెట్టే చోటు లేదు. నూనె నా చొక్కా మీదికి కారింది, పక్కావిడ చీర మీదికి కారింది, ఆవిడ హల్బీ భాషలో నన్ను సుక్మా దాకా తిట్టింది. మర్నాడు బావ నా దుకాణానికి వచ్చాడు. క్షమించమంటాడేమో అని మొహం ముడుచుకుని కూర్చున్నాను. “పచ్చడి బాగుందా?” అన్నాడు. కాసేపు అటూ ఇటూ చూసి, “ఆమె బతికింది. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమన్నరు. ముందు చేరినం గదా” అన్నాడు. అలాంటి మనిషి మీద కోపం నిలుపుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. అయినా నిలుపుకున్నాను.

ఇక బొట్టుబిళ్ల సంగతి. బండిలో స్టీరింగు వెనక, స్పీడు చూపించే అద్దం మీద ఒక పసుప్పచ్చ దీపం ఉంటుంది, ఏ టైరులోనైనా గాలి తగ్గితే వెలుగుతుంది. ఆ టైర్లకి ఆ దీపం ఎందుకంత ముఖ్యమంటే, అవి కూలబడవు కాబట్టి గాలి పోయిందని వేరే విధంగా తెలియదు. ఆ దీపమే చెప్పాలి. మన రోడ్లకి అది తరచూ వెలిగేది. వెలిగినప్పుడల్లా అక్క, “ఏందో వెలుగుతుంది, ఆపు” అనేది. ఒకరోజు బావ విసిగిపోయి, పక్క సీట్లో ఉన్న అక్క నుదుటి మీంచి బొట్టుబిళ్ల తీసి సరిగ్గా ఆ దీపం మీద అంటించాడు.

“నా మొహాన బొట్టు తీసి బండికి పెడతవా? బుద్ధుందా నీకు?” అని అక్క మండిపడింది.

“ఎంత ముద్దుగుందో చూడు. ఇగ నువ్వు భయపడే పని లేదు” అన్నాడు.

ఆ బిళ్ల అక్కడే ఉండిపోయింది. ఎర్రటి చిన్న బిళ్ల. బండెక్కిన ప్రతివాళ్లూ అది దిష్టిబొట్టు అనుకునేవాళ్లు.

చివరి ప్రయాణంలో అక్క పక్కనే ఉంది. దోర్నపాల్ దాటాక ఎడమ భుజం లాగుతోందన్నాడట. చెమటలు పట్టాయట. అక్క, “సుక్మాల పెద్దాసుపత్రి ఉంది, ఆపు” అంది. ఆపలేదు. గ్యాసు అన్నాడు, పల్లీలు పడలేదన్నాడు. “జగదల్‌పూర్ల మంచి డాక్టరున్నడు. ముందు చేరనియ్యి” అన్నాడు. సుక్మా మధ్యలోంచి, ఆసుపత్రి బోర్డు పక్కనుంచి బండి పోతుంటే అక్క స్టీరింగు పట్టుకుని లాగబోయిందట. చెయ్యి ఊపాడట.

చేరాడు. అదే నాకు మింగుడుపడదు. మా ఇంటి గేటు ముందు బండి తిన్నగా ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, తాళం తీసి నా చేతిలో పెట్టాడు. “చేరినం” అన్నాడు, నవ్వాడు కూడా. ముందు చక్రాల దగ్గర రబ్బరు కాలిన వాసన. రెండు టైర్ల గోడలు చింకిపాతల్లా వేలాడుతున్నాయి. ఎక్కడ గాలి పోయిందో, ఆ బొట్టుబిళ్ల కింద దీపం ఎప్పటినుంచి వెలుగుతోందో ఎవరు చూశారు? వేరే బండిలో ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే బావ లేడు. దారిలోనే ఎక్కడైనా చూపించాల్సింది అన్నాడు డాక్టరు. పరామర్శకి వచ్చినవాళ్లేమో, అంత నొప్పితో భార్యను క్షేమంగా చేర్చి పోయాడు, మహానుభావుడు అన్నారు. నాకు వాళ్లను గేటు బయటికి నెట్టాలనిపించింది.

బండి అప్పటినుంచి మా ఇంటి ముందే ఉంది, టార్పాలిన్ కప్పుకుని. ఇప్పుడు తీయక తప్పలేదు. మేనకోడలు, అంటే అక్కాబావల ఒక్కగానొక్క కూతురు, పురిటికి కొంటా వచ్చింది. ఇంతకుముందు ఒకసారి కడుపు నిలవలేదు. మొదటినుంచీ దాన్ని చూస్తున్న డాక్టరమ్మ జగదల్‌పూర్‌లో ఉంది, నెలలు నిండకముందే తెచ్చి దగ్గర పెట్టుకోండి అంది. ఇంకో మాట కూడా అంది. దారిలో కుదుపులు తగలకూడదు. కొంటాకి భద్రాచలం ఆసుపత్రి దగ్గర కదా అంటారు మీరు. దగ్గరే. ఆ డాక్టరమ్మను తప్ప ఇంకెవరినీ నమ్మనని మేనకోడలు మొండికేసింది. నాన్న బండిలో తప్ప రానని ఇంకో మొండి. ఎవరి కూతురు మరి!

అదీ సంగతి. రన్‌ఫ్లాట్ వేస్తే బండి ఆగదు, కానీ ఆ కుదుపులు ఆ పిల్ల పడలేదు. మామూలు టైర్లు వేస్తే మెత్తగా పోతుంది, కానీ అడవి మధ్యలో మేకు దిగితే ఏంటి గతి? స్టెప్నీకి చోటే లేదు. సేఠ్ రెండు రకాలనూ ఒకే గొంతుతో పొగుడుతాడు. రన్‌ఫ్లాట్ కావాలంటే రాయ్‌పూర్ నుంచి తెప్పిస్తాడట, భరోసా అంటాడు. సాదా అయితే చేతిలో ఉందట, ఆరామ్ అంటాడు. కిరందుల్‌లో పనిచేసే అల్లుడు ఫోనులో ఒకటి తర్వాత ఒకటి వీడియోలు పంపుతున్నాడు, ఒకటి అవునంటే ఇంకొకటి కాదంటుంది. మేనకోడలికి ఫోను చేశాను.

“నాన్న వేసినవే వెయ్యి మామయ్యా. నన్ను పెట్టుకుని దారిల ఆగితే నాకు భయం” అంది.

అక్క కూడా అదే అంటుందనుకున్నాను. నా మీద వదిలేసేది కాదు, పొద్దున బస్సెక్కి తనే వచ్చింది. దుకాణంలోకి అడుగుపెట్టి కూర్చోకుండానే, సేఠ్ వైపు తిరిగి తన హిందీలో, “కమర్ నహీ తోడ్నా. ఐసా టైర్ దేవ్” అంది. నడుం విరగ్గొట్టని టైరు ఇవ్వమని.

“అక్కా, అమ్మాయి భయపడుతోంది. బావవే వెయ్యమంటోంది. దారిలో ఆగితే...”

“ఆగితే ఆగుద్ది” అంది. గొంతు పెరిగింది. “ఏందిరా అందరూ ఆయన పాటే పాడతరు? ఆయన సుక్మాల ఆగుంటే ఇయ్యాల ఈ కుర్చీల కూసుని నీ బుర్ర తినేటోడు. ఆగలే. చేరిండు. చేరి ఏం జేసిండు? నాకు ఆగే బండి కావాల. వెనక సీటు మడిచి అయిదోది పెట్టు.”

సేఠ్ చోటు లేదనబోయాడు. అక్క అరచెయ్యి ఊపింది, అచ్చం ఆయనలాగే. సేఠ్ లోపలికి పోయి మామూలు టైర్లు అయిదు దొర్లించుకొచ్చాడు.

నాలుగూ బిగించి, అయిదోదాన్ని ఒక విడి రిమ్ముకి ఎక్కించి వెనక తాడుతో కట్టారు. అక్క సంచిలోంచి కుంకుమ భరిణె తీసింది. నాలుగింటికీ పెట్టింది. వెనక్కి వెళ్లి అయిదోదానికి పెట్టింది, దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. తర్వాత ముందు సీట్లోకి ఎక్కి ఆ బొట్టుబిళ్లను గోటితో గీకింది. ఎండకి జిగురు ఎండిపోయి ముక్కలుగా ఊడింది. కింద దీపం ఆరిపోయి ఉంది. ఆ ముక్కలు పడేస్తుందనుకున్నాను. కొంగున ముడి వేసుకుంది.

కొంటా వెళ్లి మేనకోడలిని ఎక్కించుకున్నాం. మధ్య సీటు వెనక్కి వాల్చి దిండ్లు పెట్టాం. నేను నడుపుతున్నాను, అక్క నా పక్కన. సుక్మాలో ఆగి టీ తాగాం, అక్కే ఆపమంది. ఆసుపత్రి వైపు చూడలేదు. తొంగ్‌పాల్ దాటి ఘాట్ ఎక్కుతుండగా ఆ పసుప్పచ్చ దీపం వెలిగింది.

“కొంచెం పోనిద్దాం అక్కా. దర్భాలో పంక్చరు దుకాణం ఉంటుంది” అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో!

“ఆపు” అంది.

ఆపాను. వెనక చక్రంలో మేకు. బావ జన్మంతా ఏది రాకూడదని పరుగులు పెట్టాడో అదే వచ్చింది, ఘాట్‌లో, నిండు చూలాలు బండిలో ఉండగా. జాకీ నా మాట వినలేదు, నట్టు ఊడి రాలేదు, తిట్లన్నీ అయిపోయాయి. మోటారుసైకిల్ మీద పోతున్న ఇద్దరు మనుషులు ఆగి చెయ్యి వేశారు. అక్క సాల చెట్ల నీడలో చాప పరిచి కూతురిని పడుకోబెట్టింది. ఆ పిల్లకి నొప్పీ లేదు, భయమూ లేదు, జామకాయ కొరుక్కుంటూ నా అవస్థ చూసి నవ్వుతోంది. ఆ తర్వాత పదిరోజులకి ఆడపిల్లను కన్నది, తల్లీపిల్లా బాగున్నారు. మీరు కంగారుపడతారని ముందే చెబుతున్నాను.

చక్రం మార్చడం అయింది. ఆ ఇద్దరికీ మంచినీళ్లిచ్చి పంపాం. అక్క రోడ్డు దిగి కొంచెం కిందికి నడిచి నిలబడింది.

“ఇక్కడ వాగుందిరా” అంది. “పెళ్లయినకాణ్నించి ఈ దారిల తిరుగుతున్న. ఇక్కడ వాగుందని నాకు తెలవదు.”

చేతులు కడుక్కుని వెనక్కి వచ్చింది. తన సీటు వైపు రాలేదు, ఇటు డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చింది. నేనింకా ఎక్కలేదు. అద్దం దించి ఉంది. ఖాళీ సీటు వైపు వంగి అడిగింది.

“ఆగినం. ఏం కొంప మునిగిందయ్యా?”

నేను జాకీ పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ ప్రశ్న తర్వాత బావ గొంతులో వచ్చే మాట కోసం నా చెవులు వాటంతట అవే ఎదురుచూశాయి. అక్క కూడా చూసింది, తలుపు మీద చెయ్యి పెట్టుకుని, జవాబు వచ్చేదాకా కదిలేది లేదన్నట్టు. చాప మీద మేనకోడలు నమలడం ఆపేసింది.

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ కొంగుకే ముడి ఉంది. కూతురిని లేపి మధ్య సీట్లోకి ఎక్కించింది.

“పోనియ్యి తమ్ముడూ” అంది, అటు తిరిగి వచ్చి ఎక్కుతూ. “నెమ్మదిగ.”